మా అత్తగారి లెక్కల పెట్టె

ఇల్లు మారుట మన స్త్రీలకు కొత్త గాదు. పుట్టినింటినుండి మెట్టినింటికి, ఉద్యోగముల వెంట ఊరినుండి ఊరికి, అద్దె యింటినుండి స్వంత యింటికి సామాను మూటగట్టుకొని పోవుటలో మనకు గల నేర్పు పురుషులకు లేదన్నచో వారు కోపగింపరనియే మా నమ్మకము. ఏది బండి కెక్కింపవలెనో, ఏది పాత యింటనే విడిచిపోవలెనో మనకు చెప్పనక్కరలేదు. అయినను 2025 దసరాకు మా యింట జరిగిన యొక మార్పిడిలో ఈ వివేకము మాకు అక్కరకు రాలేదు. మారినది ఇల్లు గాదు, కంప్యూటరు.

మొదటినుండి చెప్పవలెను. మా మామగారు తెనాలిలో బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసికొని, 2008లో కాలము చేసిరి. అంతవరకు ఇంటి లెక్కలన్నియు వారి చేతిలోనే యుండెడివి. ఇంటిలో రెండు వాటాల అద్దె, ఊరిబయట ఎకరమున్నర మాగాణిపై కౌలు, ఇవి గాక ఇరుగుపొరుగువారికిని బంధువులకును ఇచ్చిన చేబదుళ్లు. ఆయన కొంత పుస్తకములోను, కొంత కేలండరు వెనుకను, అధికభాగము తమ మనస్సులోను వ్రాసికొనెడివారు. పెద్దకర్మ ముగిసిన నెలలోపలనే ఇద్దరు బాకీదారులు వచ్చి, "మాస్టారికి అప్పుడే ఇచ్చేశామండీ" అని చెప్పి పోయిరి. ఆయన లేరు, కాదనుటకు ఆధారము లేదు. మా అత్తగారు వారికి మజ్జిగ యిచ్చి పంపిరి గాని, ఆ రాత్రి ఆమె నిద్రపోలేదు.

మరుసటి సంవత్సరము మా మరిది అమెరికానుండి వచ్చుచు ఒక లాప్‌టాపు తెచ్చి తల్లి ఒడిలో పెట్టెను. అందులో విండోస్ విస్టాయు, దానితోకూడ మైక్రోసాఫ్ట్ వర్క్స్ అను సాఫ్ట్‌వేరును దుకాణములో కొన్ననాటికే అమర్చబడి యుండెను. ఈ వర్క్స్ 1980 దశకమున పుట్టినది. ఉత్తరములు వ్రాయుటకు, లెక్కలు కట్టుటకు, చిరునామాలు దాచుకొనుటకు సరిపడు చిన్న సంసారపు సామాను వంటిది. ఆఫీసు అను పెద్ద సరంజామా అక్కరలేని యిండ్లకొరకు ఎన్నో కంపెనీలు తమ కంప్యూటర్లలో దీనిని ముందే వేసి అమ్మెడివి. తొమ్మిదవ రూపముతో దాని వంశము ముగిసినది. 2010లో దాని స్థానమున ఆఫీసు స్టార్టరు వచ్చెను. అత్తగారి కంప్యూటరుకు ఏడాది నిండునప్పటికే ఆమె సాఫ్ట్‌వేరుకు వారసులు లేకపోయిరన్నమాట. ఆ సంగతి మాకెవ్వరికిని తెలియదు.

ఎదురింటి ఇంటర్మీడియెటు పిల్ల సాయంకాలములు వచ్చి గడులలో అంకెలు వేయుట ఆమెకు నేర్పెను. క్రిందిగడిలో మొత్తము తనంతట తానే వచ్చుట చూచి అత్తగారు సంతోషింపలేదు, అనుమానించిరి. నెలరోజులు యంత్రము కూడిన మొత్తమును కాగితముపై మరల కూడి సరిచూచుకొనిరి. తప్పు దొరకలేదు. అటుపిమ్మట దానిని నమ్మిరి. ఉగాదినుండి ఉగాదికి ఒక్కొక్క ఫైలు. మాటలన్నియు ఇంగ్లీషు అక్షరములతో వ్రాసిన తెలుగు మాటలే, వానికి ఆమె స్వంత వర్ణక్రమము. ఒక యేడు కౌలుదారు తాను ముందుగనే ఇచ్చితినని వాదింపగా, ఆమె మాటలాడక తెరను అతనివైపు త్రిప్పిరి. అతడు చదువుకొని తల గోకికొని, మరునాడు తక్కిన సొమ్ము తెచ్చి యిచ్చెను. ఆనాడు ఆమె ముఖమున మేము చూచిన వెలుగు, మామగారు పోయిన తరువాత అదే మొదటిసారి.

ఇట్లు పదునారేండ్లు గడచినవి. అత్తగారికి డెబ్బదియేడు వచ్చినవి. లాప్‌టాపు వయస్సు మనుష్యుల లెక్కన అంతకంటె ఎక్కువయే. మూతకీలు విరిగినది. బ్యాటరీ ఉబ్బగా తీసివేసితిమి. లోపలి పంకా ఆగిపోయి, పావుగంట కాగానే వేడెక్కి దానంతటది ఆరిపోసాగెను. విస్టాకు తయారుచేసినవారి సంరక్షణ 2017 ఏప్రిల్ 11తోనే ముగిసినది. ఆపై అది గుమ్మము తలుపు లేని యిల్లే. మా మరిది డబ్బు పంపెను. దసరాకు విండోస్ 11తో కొత్త లాప్‌టాపు ఇంటికి వచ్చెను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కిని సాధారణ సంరక్షణ ముగిసినందున, ఈ మార్పిడి మా యింటితో ఆగునది గాదు. అందుచేతనే సోదరీమణులకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

అత్తగారు కొత్తదానిని చూచి, పసుపు కుంకుమ పెట్టి, "నా వర్క్స్ ఏదమ్మా ఇందులో?" అని అడిగిరి.

"తెచ్చి పెడతాను అత్తయ్యా, ఎంతసేపు!" అంటిమి. ఆ మాట నోట వచ్చుటకు ఎంతసేపు పట్టినదో అంతసేపే మా ధైర్యము నిలిచినది.

మేము చేసిన పని చెప్పుకొనుటకు సిగ్గుగానున్నది. పాతదానిలో వర్క్స్ అను పేరుగల ఫోల్డరు కనబడగా దానిని మొత్తముగా పెన్‌డ్రైవులోనికి ఎక్కించి కొత్తదానిలో దింపితిమి. నొక్కగా, అవసరమైన ఫైలేదో లేదని తెరపై ఒక చీటీ వచ్చినది. మరల నొక్కితిమి, మరల చీటీ. మావారు వచ్చి తామును నొక్కిరి. యంత్రము వారికిని అదే గౌరవము చేసెను.

కారణము తరువాత తెలిసినది. సాఫ్ట్‌వేరు ఒక ఫోల్డరులో కాపురముండునది గాదట. అమర్చునప్పుడు అది తన సామానులో కొంత విండోస్ వారి ఉమ్మడి కొట్టులో పెట్టును. తన పేరును, తన వివరములను రిజిస్ట్రీ అను పెద్ద పద్దులో వ్రాయించుకొనును. మనము ఫోల్డరు మాత్రము తెచ్చితిమేని, ఊరు మారి వచ్చిన సంసారము పేరు కొత్త ఊరి ఓటర్ల జాబితాలో లేనట్లే. మనిషి ఎదుట నిలిచియున్నను అధికారి తల యెత్తి చూడడు. ఆ పద్దులో పేరు వ్రాయించుటకు అమర్చు డిస్కు కావలెను. మా మరిదికి దుకాణమువారు డిస్కు ఇయ్యలేదు. అన్నియు కంప్యూటరులోనే ఒక మూల దాచియున్నవి, కావలసిన మీరే డిస్కులు చేసికొనుడని ఒక కాగితము మాత్రము పెట్టెలో పెట్టిరట. అట్టి కాగితములను చదివినవారెవ్వరు?

ఆ మూలను రికవరీ యందురు. అది మావారి కంట బడినది. "ఇదిగో, దీన్ని నొక్కితే అన్నీ మళ్లీ వస్తాయట" అని చేయి పెట్టబోయిరి. ఇంతలో మేము పిలిపించిన కంప్యూటరు కుర్రవాడు గుమ్మములో అడుగుపెట్టుచు, "అయ్యో సార్, ముట్టుకోకండి!" అని కేకవైచెను. దానిని నొక్కినచో ఆ లాప్‌టాపు కొన్ననాటి స్థితికి పోవునట. వర్క్స్ పాతదానిలోనే క్రొత్తగా వచ్చును, పదునారేండ్ల లెక్కలు తుడిచిపెట్టుకొనిపోవును! అత్తగారు కుర్చీలోనుండి లేచి వచ్చి, పాత లాప్‌టాపు మూత వేసి దానిపై చేయి పెట్టి కూర్చుండిరి. ఆ చేయి చాలసేపటివరకు తీయలేదు.

ఆ కుర్రవాడు మంచివాడే. డిస్కు దొరికినను న్యాయమునకు అది కొత్తదానిలో వేయరాదని చెప్పెను. ముందే అమర్చి యిచ్చిన సాఫ్ట్‌వేరుపై హక్కు మనకు గాక, ఆ యంత్రమునకు అంటియుండునట. యంత్రమును మనమెవ్వరికైన ఇచ్చినచో దానితోకూడ పోవును గాని, దానిని విడిచి వేరొకదానిలోనికి రాదు. విడిగా వెల యిచ్చి కొన్నదైనచో సాధారణముగా పాతదానినుండి తీసివేసి కొత్తదానిలో వేసికొనవచ్చును. విండోస్ సంగతియు ఇంతే. పూర్వము దాని తాళపు సంఖ్యను యంత్రము అడుగున ఒక చీటీపై అంటించెడివారు. 2012లో విండోస్ 8 వచ్చినది మొదలు చాలవరకు ఆ సంఖ్యను లోపలి పలకలోనే వ్రాసి పంపుచున్నారు. మా లాప్‌టాపు అడుగునను ఆ చీటీ యున్నది, అత్తగారి ఒడిలో పదునారేండ్లు ఒరసికొని అక్షరములు పోయినవి. ఇదియంతయు మొదటినాడు మనము చదువక "అంగీకరించితిని" అని నొక్కు ఒప్పందములోనే యున్నది.

మాకిది వినగానే విజయవాడలో మేము అద్దెకున్న యిల్లు జ్ఞప్తికి వచ్చినది. అందు గోడలోనికి కట్టిన టేకు అలమార యుండెను. తొమ్మిదేండ్లు మా చీరలు, మా పిల్లల బట్టలు అందులోనే. ఖాళీ చేయునాడు దాని తలుపును చేతితో నిమిరి వచ్చితిమే గాని, గోడ త్రవ్వి తెచ్చుకొందమని అనుకొనలేదు. అలమార ఇంటివారిది, చీరలు మనవి. కంప్యూటరు దగ్గరకు వచ్చుసరికి ఈ రెంటికిని గల భేదము మాకు తోచలేదు.

"దీనికి ఉపాయం లేకపోలేదు మేడమ్" అని కుర్రవాడు గొంతు తగ్గించి, "ఐదువందలిస్తే ఆఫీసు వేసేస్తాను. క్రాక్ చేసింది. అందరిళ్లలోనూ అదే" అనెను.

మేము మావారివైపు చూచితిమి. మావారు పంకావైపు చూచిరి. అత్తగారు మాత్రము కుర్రవానినే చూచి, "దొంగ తాళంచెవితో తీసిన పెట్టెలో ఇంటి లెక్కలు దాచుకోమంటావా నాయనా?" అనిరి.

వాడు నొచ్చుకొనలేదు, నవ్వెను. "అయితే మామ్మగారూ, ఉచితంగా ఇచ్చేదే ఉంది, లిబ్రాఫీసని" అనెను. "ఉచితమా? మరి చేసినవాళ్లు ఏం తిని బతుకుతారు?" అని ఆమె రెండవ ప్రశ్న. 2010 మొదలుకొని లోకమున పలుదేశములవారు కూడి దానిని వృద్ధిచేయుచున్నారనియు, కొందరు జీతమునకు, కొందరు ఊరకయే పనిచేయుదురనియు, ఇష్టమైనవారు చందాలిత్తురనియు వాడు చెప్పగా, "అన్నసత్రం లాంటిదన్నమాట" అని ఆమె సమ్మతించిరి.

ఇక చీరల మాట. ఫైళ్లన్నిటిని ముందుగా ఉన్నవి ఉన్నట్లు పెన్‌డ్రైవులోనికి నకలు తీసితిమి. కాని వర్క్స్ లెక్కల ఫైళ్ల రూపము వేరు. విండోస్ 11 వానిని గుర్తింపక తెల్లకాగితపు బొమ్మగా చూపెను. పాతరూపములను కొత్త సాఫ్ట్‌వేర్లు కొన్నింటిని తెరచుననియు, తెరచినను ఒక్కొక్కచో వరుసలు, సూత్రములు చెదరవచ్చుననియు, కావున పాతది ప్రాణముతో నుండగనే ఒక్కొక్క ఫైలును వర్క్స్‌లోనే తెరచి, "సేవ్ యాజ్" అనుచోట ఎక్సెల్ రూపమును ఎంచుకొని వేరుపేరుతో దాచుట మేలనియు కుర్రవాడు చెప్పి పోయెను. పాత యింటిలో దీపమున్నప్పుడే సామాను సర్దుకొనుడని దాని భావము. మా చెల్లెలి కొడుకు హైదరాబాదునుండి ఫోనులో, కొత్త కంప్యూటరులో పాతదానిని బొమ్మవలె మొత్తముగా నిలుపు ఉపాయము చెప్పెను గాని, అందును హక్కుల చిక్కున్నది, అత్తగారికి రెండు కంప్యూటర్ల భారమును వచ్చును. మేము వినలేదు.

పదునేడు ఫైళ్లు. యంత్రము లేచుటకే ఆరేడు నిమిషములు, ఆరిపోవుటకు పావుగంట. బల్లపై రెండు చెక్కముక్కల నెత్తున లాప్‌టాపు పెట్టి, ప్రక్కన టేబిలుఫాను తిప్పి, విరిగిన మూతకు వెనుక ఊరగాయ జాడీ ఆనించి పని ఆరంభించితిమి. ఒకసారికి రెండో మూడో ఫైళ్లు. తరువాత గంటసేపు చల్లారనిచ్చుట. ఒకమారు దాచుచుండగనే తెర నల్లబడినది. గుండె జారినది గాని, వేరుపేరుతో దాచుచుండుటచే మూలము చెడలేదు. నాలుగు దినములు వంట త్వరగా ముగించి ఇదే పని. అత్తగారు ప్రక్కన కూర్చుండి తెరచిన ప్రతి ఫైలులో కడపటి మొత్తమును చదువుదురు. కొత్తదానిలో అదే మొత్తము కనబడగానే కాగితముపై ఒక గీత గీయుదురు.

మూడవనాటి మధ్యాహ్నము ఆమె కునుకు తీయుచుండగా మేము 2011 ఫైలు తెరచితిమి. చేబదుళ్ల వరుసలలో ఒకచోట "vadinagaru, guntur, 40000" అని యున్నది. ఆ సంవత్సరమున గుంటూరిలో మా నాన్నగారికి గుండెకు శస్త్రచికిత్స జరిగినది. డబ్బు మా అన్నయ్య సర్దినాడని మా అమ్మ మాతో చెప్పెను. మా అత్తగారు మా అమ్మను వదినగారనియే పిలుచువారు.

ఆ తరువాతి ఫైళ్లను తెరచితిమి. 2012లో అయిదువేలు చెల్లు. 2013లో అయిదు, మరల అయిదు. అట్లు ఇరువదియైదువేలు వచ్చినవి. 2016లో మా అమ్మ పోయినది. ఆ యేటి ఫైలులో మిగిలిన 15000 ఎదుట ఒక్కటే మాట: "chellu."

మేము తలయెత్తునప్పటికి ఆమె లేచి యున్నారు.

"చూశావా" అనిరి. కొంతసేపు ఊరకుండి, "నీకు చెప్పొద్దని మీ అమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది. అత్తింటి అప్పు తిన్నామని పిల్ల చిన్నబుచ్చుకుంటుందని."

"ఈ వరుస కొత్తదాంట్లోకి వద్దంటారా అత్తయ్యా? తీసేయమంటారా?"

"తీసేస్తే మొత్తం తప్పదూ! ఉండనీ. లెక్క లెక్కే."

మాకు నోట మాట రాలేదు. కొంత తడవునకు, ఆ మిగిలిన పదునైదువేలును మేమిత్తుమని అంటిమి. ఆమె విసుగుకొనిరి. "దానికి చెల్లు వేసి తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు నువ్విస్తే ఏ సంవత్సరంలో రాయమంటావు?"

ఫాను తిరుగుచున్నను యంత్రము వేడెక్కి ఆరిపోయెను. ఆనాటికి మరి పని సాగలేదు.

నాలుగవనాటికి పదునేడు గీతలు పూర్తియైనవి. పని ముగిసినదని మేమనుకొంటిమి, కాలేదు. కొత్తదానియెదుట అత్తగారిని కూర్చుండబెట్టగా ఆమె చేయి గాలిలో నిలిచిపోయినది. మీటలు వేరు, బొమ్మలు వేరు, అక్షరములు చీమలవలె సన్నము. మొత్తము వేయు గుర్తు వెనుకటిచోట లేదు. మూడుసార్లు తప్పు నొక్కి, నాలుగవసారి చేయి ఒడిలో పెట్టుకొనిరి. మావారు దయతోడనే, "పోనీలే అమ్మా, ఇక లెక్కలు నేను చూసుకుంటాను. నీకెందుకీ శ్రమ?" అనిరి.

ఆమె ఏమియు అనలేదు. లేచి దొడ్డిలోనికి పోయి ఆరిన బట్టలు తీయనారంభించిరి. బాకీదారులకు మజ్జిగ యిచ్చి పంపిన నాటి ముఖమే మరల చూచితిమి. పుత్రుడు మంచివాడైనంత మాత్రమున తల్లి తన యింటి లెక్క తాను చూచుకొనుట మానవలెనా? తండ్రియు మంచివాడే, ఆయన మనస్సులో వ్రాసికొన్నదంతయు ఆయనతోనే పోయినది. మావారు దీనిని చదువుదురని తెలిసియే వ్రాయుచున్నాము.

ఆ రాత్రి ఇద్దరము కూర్చుంటిమి. గడుల వెడల్పు పాతదానిని స్కేలుతో కొలిచి అంతే చేసితిమి. అక్షరముల పరిమాణము 18కి పెంచితిమి. ఆమె వాడని బొమ్మల వరుసలను దాచివేసితిమి. పాతదానిలో మొత్తపు గడికి పచ్చరంగుండెడిది, ఇందును పచ్చ వేసితిమి. తెరపై లిబ్రాఫీసు బొమ్మ క్రింద పేరు మార్చి "వర్క్స్" అని వ్రాసితిమి. ఇది అబద్ధమా యని మావారు నవ్విరి. కోడలికి అత్తవారింట కొత్తపేరు పెట్టుట మన దేశమున ఎరుగనిదా?

తరువాత వారము దినములు ఎదురింటివారి వాటాలో క్రొత్తగా దిగిన చిన్నదానిని సాయంకాలములు పిలుచుకొని వచ్చితిమి. కొడుకుకంటెను కోడలికంటెను పొరుగుపిల్లవద్ద నేర్చుకొనుట ఆమెకు సుఖము. తప్పు చేసినప్పుడు నవ్వుకొనవచ్చును. మొదటి రెండుదినములు మొత్తములను మరల కాగితముపై కూడిరి. ఎనిమిదవనాడు కాగితము లేదు.

పాత లాప్‌టాపు నిప్పుడు బట్టలో చుట్టి బీరువా పైయరలో పెట్టితిమి. పాతసామానువాడు రెండుసార్లు వచ్చి అడిగెను, ఇయ్యలేదు. 2026 ఉగాదివరకు ఉండనిమ్మని అత్తగారి ఆజ్ఞ.

కొత్తదానిలో ఆమె స్వహస్తమున వేసిన తొలి వరుసను మరునాడు మాకు చూపిరి. కంప్యూటరు కుర్రవానికి 300. దాని ప్రక్క గడిలో, తన వర్ణక్రమముననే, వద్దన్నాడు, ఇచ్చాను, అని వ్రాసికొన్నారు.